పొరలో కొవ్వు మారితేనే హార్మోను బయటపడుతుంది

కణంలోంచి హార్మోను ఎలా బయటికొస్తుందని అడిగితే ఎమ్మెస్సీ విద్యార్థులు తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది. కణంలోకి కాల్షియం వస్తుంది, సినాప్టోటాగ్మిన్ అనే ప్రోటీను దాన్ని పట్టుకుంటుంది, స్నేర్ అనే ప్రోటీన్లు ఒకదానితో ఒకటి పెనవేసుకుని గ్రాన్యూల్‌ని, అంటే హార్మోను నిండిన చిన్న సంచిని, కణం పైపొరకు లాగి కలిపేస్తాయి, లోపలి సరుకు బయటపడుతుంది. రాత్‌మన్, షెక్‌మన్, స్యూడాఫ్‌లకు 2013లో నోబెల్ తెచ్చిన పనిలో ఇది పెద్ద భాగం. ఇందులో తప్పేమీ లేదు. కానీ చివరికి కలిసేవి రెండు కొవ్వు పొరలు. కలిసే చోట ఏ కొవ్వు ఉంది, అది ఎప్పుడు ఏ రూపంలోకి మారింది అన్న సంగతి ఆ జవాబులో ఎక్కడా ఉండదు. ఎన్ని గ్రాన్యూల్స్ సిద్ధంగా ఉండాలి, తెరుచుకున్న రంధ్రం నిలవాలా మూసుకుపోవాలా, నిలిస్తే ఎంత వెడల్పు కావాలి అన్నవి చాలావరకు ఆ కొవ్వును అక్కడికక్కడే మార్చే ఎంజైముల చేతిలో ఉన్నాయి. విశాఖలో లిపిడ్ల, అంటే ఈ కొవ్వుల, మీద పని మొదలుపెట్టే పిల్లలకి, అది యూనివర్సిటీ క్యాంపస్ అయినా మెడికల్ కాలేజీ అయినా, ముందు ఈ సంగతి తలకెక్కాలి.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1953లో మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్ దంపతులు పావురం క్లోమం ముక్కల మీద ఎసిటైల్‌కోలిన్ వేసి, రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఎక్కడికి చేరుతోందో చూశారు. క్లోమం ఎంజైముల్ని విడుదల చేస్తున్నప్పుడు ఆ ఫాస్ఫరస్ పొరలోని ఫాస్ఫోలిపిడ్లలోకి విపరీతంగా చేరింది. అప్పటిదాకా పొరలో కొవ్వు అంటే కదలని గోడ అనుకునేవారు. కణం సరుకు బయటికి పంపేటప్పుడు ఆ గోడే తిరగరాసుకుంటోందని ఆ ప్రయోగం చూపించింది. అది కొంతవరకు సంకేతమైతే కొంతవరకు నేరుగా ఫ్యూజన్‌కి, అంటే రెండు పొరలు కలవడానికి, కావలసిన సామగ్రి. ఈ రెండింటినీ విడదీయడానికి తరవాత నలభై ఏళ్ళు పట్టింది.

విడదీసిన ప్రయోగాల్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేవి విస్కాన్సిన్‌లో థామస్ మార్టిన్ ల్యాబ్ చేసినవి. ఎలుక అడ్రినల్ కణితి నుంచి వచ్చిన పీసీ12 కణాల పొరకు చిల్లులు పెట్టి, లోపలి ద్రవాన్ని కడిగేసి, ఒక్కో భాగాన్నీ తిరిగి కలుపుతూ పోయారు. విడుదల రెండు మెట్లుగా విడిపోయింది. మొదటి మెట్టుకి కణానికి శక్తినిచ్చే ఏటీపీ కావాలి, కాల్షియం అక్కర్లేదు. రెండో మెట్టుకి కాల్షియం కావాలి, ఏటీపీ అక్కర్లేదు. మొదటిదాన్ని ప్రైమింగ్ అంటారు. ఆ ఏటీపీ ఎక్కడ ఖర్చవుతోందని వెతికితే, ఒక ప్రోటీను ఫాస్ఫాటిడైల్ ఇనోసిటాల్‌ని మోసుకొచ్చేదిగా 1993లో తేలింది. రెండోది దాని చక్కెర మీద 5వ స్థానంలో ఫాస్ఫేట్ పెట్టే కైనేజుగా 1995లో తేలింది. ఏటీపీలో కొంత పోతున్నది ఒక కొవ్వు తయారీకి, పిఐపి2 తయారీకి.

ఈ పిఐపి2 పైపొర ఫాస్ఫోలిపిడ్లలో సుమారు 1 శాతం మాత్రమే. తయారయ్యే వరస ఇది: ఫాస్ఫాటిడైల్ ఇనోసిటాల్ మీద 4వ స్థానంలో ఒక కైనేజు ఫాస్ఫేట్ పెడుతుంది, ఆపైన 5వ స్థానంలో మరో కైనేజు పెడుతుంది. నాడీ కణాల్లో ఈ రెండో పని ముఖ్యంగా పిఐపి కైనేజు 1 గామాది. రుణ ఆవేశాలు దండిగా ఉన్న ఈ కొవ్వు తలకి చాలా ప్రోటీన్లు అతుక్కుంటాయి. సినాప్టోటాగ్మిన్‌లోని సి2బి భాగం, స్నేర్ ప్రోటీన్లలో ఒకటైన సింటాక్సిన్‌లో పొరకు ఆనుకుని ఉన్న ధన ఆవేశపు ముక్క, క్యాప్స్ అనే ప్రోటీను, అన్నీ దీన్నే పట్టుకుంటాయి. అంటే ఫ్యూజన్ యంత్రం ఎక్కడ కూడాలో చెప్పే గుర్తు ఇదే. గామా కైనేజు జన్యువు తీసేసిన ఎలుకలు పుట్టిన వెంటనే చనిపోతాయి. వాటి నాడుల్లో వెంటనే విడుదలకు సిద్ధంగా ఉండే వెసికిల్స్, అంటే సరుకు నిండిన బుల్లి సంచులు, తక్కువ. ఈ ఫలితం 2004లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది అడ్రినల్ గ్రంథిలోని క్రోమాఫిన్ కణాల్లో పిఐపి2ని పెంచీ తగ్గించీ చూసిన ప్రయోగాల్లో సిద్ధంగా ఉన్న గ్రాన్యూల్స్ లెక్క దానితోపాటే పెరిగింది, దానితోపాటే తగ్గింది.

ఇక్కడ లెక్క మనసులో పెట్టుకోవాలి. క్లోమంలోని ఒక బీటా కణంలో ఇన్సులిన్ గ్రాన్యూల్స్ సుమారు 10,000 ఉంటాయి. గ్లూకోజ్ పెరిగిన తొలి నిమిషాల్లో బయటపడేవి వాటిలో నూటికి ఒకటో రెండో. మిగతావన్నీ ఉన్నాయి కానీ సిద్ధంగా లేవు. టైప్ 2 మధుమేహంలో మొదట దెబ్బతినేది ఈ తొలి నిమిషాల విడుదలే. కాబట్టి సరుకు ఎంత తయారైందన్న ప్రశ్న ఒకటైతే, అంచు మీదకి ఎంత చేరి సిద్ధమైందన్నది వేరే ప్రశ్న. కొవ్వు ఎంజైములు ఎక్కువగా పట్టించుకునేది ఈ రెండోదాన్నే.

పిఐపి2 తయారవడం ఎంత ముఖ్యమో పోవడమూ అంతే ముఖ్యం. సినాప్టోజానిన్ 1 అనే ఎంజైము దాని 5వ స్థానపు ఫాస్ఫేట్‌ని కత్తిరిస్తుంది. అది లేకపోతే తిరిగి లోపలికొచ్చిన వెసికిల్స్ తమ చుట్టూ ఉన్న క్లాథ్రిన్ తొడుగు విప్పుకోలేక పేరుకుపోతాయి. దీని జన్యువు మనిషిలో 21వ క్రోమోజోము మీద ఉంది. అందులో ఒకే ఒక అమైనో ఆమ్లం మారడం వల్ల చిన్న వయసులోనే పార్కిన్సన్ లక్షణాలు వచ్చిన కుటుంబాల గురించి 2013లో రాశారు.

ఇప్పుడు అసలు ఎంజైము దగ్గరికి వద్దాం. ఫాస్ఫోలైపేజ్ డి1, క్లుప్తంగా పిఎల్‌డి1. పొరలో ఎక్కువగా ఉండే ఫాస్ఫాటిడైల్ కోలిన్ నుంచి కోలిన్ తలని తెంచేస్తుంది. మిగిలేది ఫాస్ఫాటిడిక్ ఆమ్లం, క్లుప్తంగా పిఎ. చిన్న తల, వెడల్పాటి తోకలు, చూడ్డానికి తలకిందులు చేసిన కోను ఐస్‌క్రీం ఆకారం. ఇలాంటి అణువులు ఒకచోట చేరితే పొర చదునుగా ఉండలేదు, తల వైపుకి వంగుతుంది. రెండు పొరల మధ్య సన్నటి మెడ ఏర్పడేటప్పుడు సరిగ్గా అలాంటి వంపే కావాలి. పైగా పిఎ రుణ ఆవేశంతో సింటాక్సిన్‌నీ పట్టుకుంటుంది, పిఐపి2 తయారుచేసే 5వ స్థానపు కైనేజునీ ఉత్తేజపరుస్తుంది. పిఎల్‌డి1 పనిచేయాలంటే మళ్ళీ పిఐపి2 ఉండాలి. ఒకదాన్నొకటి పెంచుకునే జోడీ ఇది. చిన్న ప్రదేశంలో కొద్ది క్షణాల్లో కొవ్వు ఇంతగా మారగలగడానికి కారణం ఈ జోడీయే అనుకుంటాను.

అయితే పిఎల్‌డి1 ఎప్పుడూ పనిచేస్తూ కూర్చుంటే పొర నిలవదు. అందుకే దానికి కాపలా ఎక్కువ. ఏఆర్‌ఎఫ్6, ర్యాక్1 లాంటి చిన్న జీటీపీ ప్రోటీన్లు వచ్చి తాకాలి. కాల్షియం పెరిగాక ఆర్‌ఎస్‌కే2 అనే కైనేజు దాని 147వ థ్రియోనిన్ మీద ఫాస్ఫేట్ పెట్టాలి. ఆర్‌ఎస్‌కే2 జన్యువు చెడితే వచ్చేది కాఫిన్-లోరీ సిండ్రోమ్, మేధో వైకల్యం కనిపించే జబ్బు. అందులో కొంత భాగమైనా విడుదల లోపం వల్ల కావచ్చన్న వాదనకి ఈ గొలుసే ఆధారం. స్ట్రాస్‌బర్గ్‌లో బాడర్, విటాల్ బృందం 1990ల చివరి నుంచీ దీని మీదే పనిచేస్తూ వచ్చింది. పీసీ12 కణాల్లో పిఎల్‌డి1ని తగ్గిస్తే విడుదల పడిపోతుందనీ, దాని చెల్లెలు లాంటి పిఎల్‌డి2ని తగ్గిస్తే అంత తేడా రాదనీ వాళ్ళు చూపించారు. 2001లో అప్లీసియా అనే సముద్రపు నత్త నాడిలోకి పనిచేయని పిఎల్‌డి1ని ఎక్కిస్తే ఎసిటైల్‌కోలిన్ విడుదల ఆగిపోయింది.

2020లో వచ్చిన ఫలితం ఇంకా లోతుకి వెళ్ళింది. పిఎ అంతా ఒకటి కాదు. తోకలో ఒకే ద్విబంధం ఉన్న పిఎ, గ్రాన్యూల్స్ పైపొర దగ్గర ఎన్ని ఆగి ఉంటాయో చూసుకుంటుంది. ద్విబంధాలు ఎక్కువున్న పిఎ, అంటే ఒమేగా-3 రకం డీహెచ్‌ఏ తోక ఉన్నది, తెరుచుకున్న రంధ్రం నిలబడి విస్తరించడాన్ని చూసుకుంటుంది. డీహెచ్‌ఏ అనగానే ఫిషింగ్ హార్బర్‌లో దొరికే కవళ్ళు, కానాగంతలు గుర్తుకొస్తాయి కాబట్టి ఒక మాట: కొవ్వు ఎక్కువున్న ఆ చేపల్లో డీహెచ్‌ఏ ఉన్న మాట నిజం, కానీ అవి తింటే అడ్రినలిన్ విడుదల మెరుగవుతుందని ఈ ప్రయోగాలు చెప్పలేదు. అవి డిష్‌లో పెంచిన కణాల మీదా, జన్యువు తీసేసిన ఎలుకల కణాల మీదా చేసినవి. వార్తల్లోకి ఎక్కేటప్పుడు ఈ తేడా మాయమైపోతుంది.

డైఎసైల్ గ్లిసరాల్ గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే దీన్ని పుస్తకాలు బాగానే చెబుతాయి. పిఐపి2ని ఫాస్ఫోలైపేజ్ సి తెంచితే వస్తుంది, మంక్13 అనే ప్రోటీనులోని సి1 భాగాన్ని పట్టుకుని ప్రైమింగ్‌ని పెంచుతుంది. పుస్తకాలు వదిలేసేది ఒకటుంది. డైఎసైల్ గ్లిసరాల్‌లా పనిచేసే ఫోర్బాల్ ఎస్టర్ వేస్తే విడుదల పెరగగానే ప్రోటీన్ కైనేజ్ సి ఖాతాలో రాసేయడం అలవాటైపోయింది, కానీ అదే ఎస్టర్ మంక్13నీ నేరుగా పట్టుకుంటుంది. సి1 భాగంలో 567వ హిస్టిడిన్‌ని మార్చిన ఎలుకల నాడుల్లో ఫోర్బాల్ ఎస్టర్‌కి ఆ పెరుగుదల కనిపించలేదు. మీ ప్రయోగంలో ఫోర్బాల్ ఎస్టర్ వాడుతుంటే కైనేజు నిరోధకం వేసిన వెల్ (ప్లేటులో కణాలు పెంచే గుంట) కూడా పక్కన ఉండాలి.

కొవ్వు మార్చే ఎంజైము తప్పుచోట, అదుపు లేకుండా పనిచేస్తే ఏమవుతుందో చూడాలంటే ల్యాబ్ దాకా పోనక్కర్లేదు. మన జిల్లాల్లో వానాకాలం రాత్రుళ్ళు నేల మీద పడుకున్నవాళ్ళని కట్లపాము కరుస్తుంది. తాచుపాము విషంలోని ముఖ్యమైన నాడీ విషం కండరం వైపు రిసెప్టర్‌ని మూసేస్తుంది, నరం మాత్రం బాగానే ఉంటుంది. కట్లపాము విషంలో అలాంటివి ఉంటూనే బీటా బంగారోటాక్సిన్ కూడా ఉంటుంది. అది ఫాస్ఫోలైపేజ్ ఎ2 జాతి ఎంజైము. నరం చివర బయటి పొర మీద వాలి, ఫాస్ఫోలిపిడ్ల నుంచి ఒక తోకని తెంచుతుంది. ఫలితంగా రెండు వస్తాయి: ఒక లైసోఫాస్ఫోలిపిడ్, ఒక కొవ్వు ఆమ్లం. లైసో అణువు ఆకారం పిఎకి సరిగ్గా వ్యతిరేకం, పెద్ద తల, ఒకే తోక. అది పొరలోని రెండు కొవ్వు వరసల్లో బయటిదానిలోనే ఉండిపోతుంది, కొవ్వు ఆమ్లం మాత్రం రెండింటిలోకీ సర్దుకుంటుంది. పొర వంపు తేడా అయిపోతుంది. వెసికిల్స్ అదుపు లేకుండా కలిసిపోతాయి, తిరిగి లోపలికి రాలేవు. నరం చివర ఉబ్బుతుంది, కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, మైటోకాండ్రియా చెడతాయి. 2005లో పాదువాలోని మాంటెకూకో బృందం ఆ విషాన్ని పక్కన పెట్టి, లైసోఫాస్ఫోలిపిడ్, కొవ్వు ఆమ్లం సమపాళ్ళలో కలిపి నాడీ కణాల మీద వేసింది. విషం వేస్తే వచ్చిన ఉబ్బే మళ్ళీ వచ్చింది. ఎంజైము వదిలిన రెండు ముక్కలే ఆ నష్టానికి చాలని అలా తేలింది.

ఈ ఒక్క విషయం తెలిస్తే వార్డులో కనిపించేవి చాలా అర్థమవుతాయి. కట్లపాము కాటుకి నియోస్టిగ్మిన్ చాలాసార్లు పనిచేయదు, ఎందుకంటే ఎసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా ఆపే మందు, అసలు ఎసిటైల్‌కోలిన్ విడుదలే కాని చోట ఏం చేయగలదు? యాంటీవీనం ఇంకా రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది, అప్పటికే చెడిన నరం చివరని బాగుచేయలేదు. అందుకే తొందరగా ఇవ్వడం ముఖ్యం, అందుకే ఇచ్చాక కూడా రోజుల తరబడి వెంటిలేటర్ అవసరం పడవచ్చు. నరం చివర మళ్ళీ మొలిచేదాకా ఊపిరి యంత్రం తీసుకోవాలి. కాటు నొప్పి పుట్టదు, గాటు కనబడదు, తెల్లవారుజామున కడుపునొప్పి, ఆపైన రెప్పలు వాలిపోవడం ఉంటే అది నిద్రమత్తు కాదు. పాడేరు వైపైనా భీమిలి వైపైనా కోయడం, పీల్చడం, నాటు మందు అంటూ ఆలస్యం చేయకుండా వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి, విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి చోటికి చేర్చాలి. ఈ తీరపు పాములని చిత్రాలతో సహా వివరించి 1796లో పుస్తకం అచ్చేయించిన ప్యాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో ఉండి పనిచేసినవారే. ఈ ఊళ్ళో లిపిడ్ ఎంజైముల మీద పనిచేసేవాళ్ళు కట్లపాము విషాన్ని తమ సబ్జెక్టుగా చూడాలని నాకు గట్టిగా ఉంది.

ఇక చేతి పని. మన దగ్గర తేలిగ్గా మొదలుపెట్టగలిగేది పీసీ12 కణాలతో. ఎలుక అడ్రినల్ కణితి నుంచి 1976లో తయారైన ఈ కణాలు డోపమైన్‌ని గ్రాన్యూల్స్‌లో దాచుకుంటాయి. ఇవి ఉండలు కడతాయి. ఉండల మధ్యలో ఉన్న కణానికి ఉద్దీపన చేరదు, సరిగా కడగలేరు, లెక్క తప్పుతుంది. ప్లేటుకి కొల్లాజెన్ కానీ పాలీలైసిన్ కానీ పూయండి. విడదీసేటప్పుడు 22 గేజ్ సూది గుండా నెమ్మదిగా రెండు మూడు సార్లు పోనివ్వండి, బలంగా కొడితే కణాలు చిట్లి డోపమైన్ వట్టినే కారిపోతుంది.

ద్రావణం లాక్ ద్రావణమే: సోడియం క్లోరైడ్ 140, పొటాషియం క్లోరైడ్ 4.7, కాల్షియం క్లోరైడ్ 2.5, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 1.2, మెగ్నీషియం సల్ఫేట్ 1.2, గ్లూకోజ్ 11, హెపెస్ 15, అన్నీ మిల్లీమోలార్లలో, పీహెచ్ 7.2. కాల్షియాన్ని చివర, పీహెచ్ సరిచేశాక కలపండి. ముందే గాఢ ఫాస్ఫేట్‌తో కలిపితే తెల్లగా విరిగిపోతుంది, మీరు అనుకున్న కాల్షియం ద్రావణంలో ఉండదు. ఉద్దీపన ద్రావణంలో పొటాషియం 59కి పెంచినప్పుడు సోడియాన్ని 86 దగ్గరకి తగ్గించాలి. తగ్గించకపోతే ద్రావణం గాఢమై కణం ముడుచుకుంటుంది. గాఢ ద్రావణం ఒక్కటే కాల్షియం లేకుండా కూడా వెసికిల్స్‌ని బయటికి నెట్టగలదు. నాడుల్లో 500 మిల్లీమోలార్ సుక్రోజ్‌తో సిద్ధంగా ఉన్న వెసికిల్స్‌ని లెక్కపెట్టేది ఆ పద్ధతిలోనే.

మామూలు ద్రావణంలో 10 నిమిషాలు, ఉద్దీపన ద్రావణంలో 10 నిమిషాలు. బయటికొచ్చినదాన్ని, కణంలో మిగిలినదాన్ని కలిపి దానిలో బయటిది ఎంత శాతమో చెప్పండి. బయటిది మాత్రమే చెబితే ఆ వెల్‌లో కణాలు ఎక్కువున్నాయో విడుదల ఎక్కువుందో తెలీదు. ఉద్దీపన లేకుండానే ఎక్కువ కారుతుంటే ఆ రోజు కణాలు బాగా లేవని అర్థం, మిగతా వెల్స్ చూసి ప్రయోజనం లేదు. ఒక ప్రోటీను తయారవకుండా ఆపే చిన్న ఆర్‌ఎన్‌ఏ (siRNA) వాడితే ట్రాన్స్‌ఫెక్షన్, అంటే దాన్ని కణంలోకి ఎక్కించడం, అన్ని కణాలకీ అందదు, అందని కణాలు ఫలితాన్ని పలచన చేస్తాయి. దీనికి మంచి ఉపాయం, అదే సమయంలో మనిషి గ్రోత్ హార్మోన్ ప్లాస్మిడ్ కూడా ఇవ్వడం. ఆ హార్మోను ట్రాన్స్‌ఫెక్ట్ అయిన కణాల్లోనే తయారై గ్రాన్యూల్స్‌లోకి చేరుతుంది. బయటికొచ్చిన దాన్ని ఎలైసాతో కొలిస్తే ఆ కణాల మాటే వినబడుతుంది.

పిఎల్‌డిని ఆపడానికి పాత పేపర్లు 1-బ్యూటనాల్ వాడాయి. తర్కం బాగుంది: ఎంజైము నీటి బదులు ఆ ఆల్కహాల్‌ని పట్టుకుంటే పిఎ బదులు ఫాస్ఫాటిడైల్ బ్యూటనాల్ వస్తుంది. కానీ 1 శాతం దగ్గర బ్యూటనాల్ పొరనే పలచన చేస్తుంది, టెర్షియరీ బ్యూటనాల్ కంట్రోల్ అన్ని తేడాల్నీ పట్టుకోదు. 2009లో ఫిపి అనే నిరోధకం వచ్చాక, బ్యూటనాల్‌తో పిఎల్‌డికి అంటగట్టిన పనుల్లో కొన్ని నిలబడలేదు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళు బ్యూటనాల్ జోలికి పోవద్దు. ఫిపి 750 నానోమోలార్ సరిపోతుంది. దానితోపాటు పిఎల్‌డి1ని తగ్గించి, ఆ siRNAకి దొరకని పిఎల్‌డి1ని తిరిగి ఇచ్చి చూడాలి. 898వ లైసిన్ మార్చి పని పోగొట్టిన పిఎల్‌డి1 కంట్రోల్‌గా ఉండాలి. పనిచేసేది విడుదలని తిరిగి తెచ్చి, పనిచేయనిది తేకపోతేనే కొవ్వు మార్పిడి వల్లే అని రాయొచ్చు.

విడుదల తగ్గిందని రాసేముందు మరో సంగతి. పిఐపి2 తగ్గితే కాల్షియం ఛానెల్స్ కూడా మందగిస్తాయి. మీరు చూసినది ఫ్యూజన్ లోపమా, కాల్షియం లోపమా? కాల్షియం ఇమేజింగ్ చేయండి. లేదా డిజిటోనిన్ 20 మైక్రోమోలార్ దగ్గర పొరకు చిల్లులు పెట్టి, కాల్షియాన్ని పట్టి ఉంచే ఈజీటీఏతో స్థిరపరిచిన కాల్షియాన్ని మీరే ఇవ్వండి. అప్పుడు ఛానెల్ ఊసే ఉండదు. డిజిటోనిన్ బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా చాలా ఎక్కువ, ప్రతి కొత్త సీసాకీ, చిల్లులు పడ్డ కణాల్లోకే వెళ్ళే ట్రిపాన్ బ్లూ రంగుతో మోతాదు మళ్ళీ చూసుకోవాలి. లైసోఫాస్ఫాటిడైల్ కోలిన్, అరాకిడోనిక్ ఆమ్లం బయటినుంచి వేసి చూసేవాళ్ళు సీరం పూర్తిగా కడగాలి. సీరంలోని ఆల్బుమిన్ వాటిని పట్టేసుకుంటుంది, మీకు ఏ ప్రభావమూ కనబడదు. ఎక్కువ వేస్తే సబ్బులా పనిచేసి కణాన్నే కరిగిస్తాయి, కాబట్టి మామూలుగా కణం లోపలే ఉండే ఎల్‌డీహెచ్ ఎంజైము కారుతోందేమో పక్కనే చూడాలి.

ఏ మెట్టు చెడిందో తేల్చాలంటే ఆంపెరోమెట్రీకి మించింది లేదు. 5 మైక్రోమీటర్ల కార్బన్ ఫైబర్‌ని కణానికి ఆనించి, వెండి-వెండి క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి +650 మిల్లీవోల్టులు పెడతారు. ఒక్కో గ్రాన్యూల్ తెరుచుకున్నప్పుడల్లా కేటకాలమైన్లు ఆక్సీకరణ చెంది ఒక స్పైక్ వస్తుంది. ఒక్కో అణువు రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది కాబట్టి స్పైక్ కింద 1 పికోకూలంబ్ ఉంటే సుమారు 31 లక్షల అణువులు వచ్చినట్టు. స్పైక్‌ల సంఖ్య తగ్గి ఆకారం మారకపోతే లోపం సిద్ధం కావడంలో ఉంది. సంఖ్య అలాగే ఉండి స్పైక్‌కి ముందు కనబడే చిన్న మెట్టు, అంటే రంధ్రం ఇంకా సన్నగా ఉన్నప్పటి కారడం, పొడవుగానో పొట్టిగానో మారితే లోపం రంధ్రం దగ్గర ఉంది. విస్తీర్ణం మారితే గ్రాన్యూల్‌లో సరుకే మారిందేమో చూడాలి. ఫైబర్ కొస మురికి పట్టే కొద్దీ స్పైక్‌లు మందగిస్తాయి, కంట్రోల్ కణాలు పొద్దున, ప్రయోగం కణాలు సాయంత్రం కొలిస్తే ఆ మురికే మీ ఫలితమైపోతుంది. రెండింటినీ కలిపి మార్చి మార్చి కొలవండి.

కొవ్వు మారిందని చూపించాలంటే కొవ్వునే కొలవాలి. సెన్సర్లున్నాయి: పిఎకి ఈస్ట్ స్పో20 ముక్క, పిఐపి2కి ఫాస్ఫోలైపేజ్ సి డెల్టా 1లోని పీహెచ్ అనే భాగం (ఆమ్లత కొలిచే పీహెచ్ కాదు), వెనకాల వెలుగునిచ్చే ప్రోటీను జీఎఫ్‌పీ. ఎక్కడ ఉందో బాగా చూపిస్తాయి. ఎక్కువ తయారైతే ఆ కొవ్వుని తామే కప్పేసి విడుదలని అడ్డుకుంటాయి, అందుకే మసగ్గా వెలిగే కణాల్నే ఎంచుకోవాలి. మొత్తం కొలతకి బ్లై-డయర్ పద్ధతి: 0.8 మిల్లీలీటర్ల నమూనాకి మెథనాల్ 2, క్లోరోఫామ్ 1, బాగా కలిపి, తరవాత క్లోరోఫామ్ 1, నీరు 1, తిప్పి కింది పొర తీసుకోవాలి. పిఎ కోసం నీటి బదులు 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడకపోతే కొంత పై పొరలోనే ఉండిపోతుంది. అలాగని ఆమ్లంలో నానబెట్టి వదిలేస్తే ప్లాస్మలోజెన్లు అనే లిపిడ్లు విరిగి, లేని లైసో లిపిడ్లు పుట్టుకొస్తాయి. ఐసులో, గబగబా కానివ్వాలి. గాజు గొట్టాలే వాడాలి, ప్లాస్టిక్‌ని క్లోరోఫామ్ కరిగించి మాస్ స్పెక్ట్రమ్ నిండా చెత్త నింపుతుంది. ఉద్దీపనకీ మెథనాల్‌కీ మధ్య ఆలస్యం జరిగితే తయారైన పిఎ విరిగిపోతుంది.

లిపిడ్లని చుక్కలుగా విడదీసే టీఎల్‌సీ సిలికా ప్లేట్లు వాడేవాళ్ళకి విశాఖ గాలి పెద్ద తలనొప్పి. సముద్రపు తేమకి సిలికా నిండిపోతుంది, చుక్కలు రోజుకో చోట ఆగుతాయి. 110 డిగ్రీల దగ్గర అరగంట కాల్చి డెసికేటర్‌లో చల్లార్చి వెంటనే వాడాలి. డీహెచ్‌ఏ, అరాకిడోనిక్ తోకలున్న నమూనాలు గాలి తగిలితే ఆక్సీకరణ చెందుతాయి. ఆరబెట్టడం నత్రజని కింద, నిలవ -80 డిగ్రీల్లో, ఆక్సీకరణని ఆపే బీహెచ్‌టీ కొద్దిగా కలిపి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఈ ఊళ్ళో కరెంటు ఎన్ని రోజులు లేదో గుర్తున్నవాళ్ళకి, ఏడాది నమూనాలన్నీ ఒకే ఫ్రీజర్‌లో పెట్టొద్దని వేరే చెప్పనక్కర్లేదు. అక్టోబరు, నవంబరు తుపాన్లకి ముందే విలువైన నమూనాలని కొలిచేయడం మంచిది.

మాస్ స్పెక్ట్రోమీటర్ దగ్గర ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది పట్టుకోరు. ఫాస్ఫాటిడైల్ సెరిన్ అయాన్ సోర్సులోనే సెరిన్ భాగాన్ని, 87 యూనిట్లు, కోల్పోయి అచ్చం పిఎలా కనబడుతుంది. నాడీ, హార్మోను కణాల్లో సెరిన్ లిపిడ్ పిఎ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాలమ్ మీద రెండింటినీ విడదీయకుండా నేరుగా ఎక్కిస్తే మీరు కొలిచేది పిఎ కాదు, సెరిన్ లిపిడ్ శిథిలం. ముందుగా సెరిన్ లిపిడ్ ప్రమాణాన్ని ఒక్కదాన్నే ఎక్కించి, పిఎ ఛానెల్‌లో ఏం కనబడుతుందో, ఏ నిమిషంలో కనబడుతుందో చూసుకోండి. 17:0/17:0 పిఎ ప్రమాణాన్ని మొదటి మెథనాల్‌తోపాటే వేయాలి, చివర వేస్తే తీతలో పోయినదానికి లెక్క దొరకదు. పిఎ స్టీలు కాలమ్‌లోని లోహాలకి అతుక్కుని శిఖరం వెనక తోక లాగుతుంది, ఆ తోకని వదిలేసి శిఖరాన్నే కొలిస్తే ఉద్దీపన పొందిన, పొందని నమూనాల మధ్య ఉన్న కొద్దిపాటి తేడా అక్కడే కొట్టుకుపోతుంది.